నాలుగు లేన్లు, ఒక ఫిట్టరు: బౌలింగ్ మిషన్లు మార్చే ముందు

విజయనగరంలో మా బావకు ఒక బౌలింగ్ సెంటర్ ఉంది. క్రికెట్ బౌలింగ్ కాదు, లేను అనే పొడవాటి బాట మీద బరువైన బంతి దొర్లించి చివరనున్న పది పిన్నులను పడగొట్టే ఆట. సెంటర్ అంటే మరీ గొప్పగా ఊహించుకోకండి. గంటస్తంభం నుంచి నడిచి వెళ్ళగలిగే దూరంలో ఒక కాంప్లెక్సు, దాని రెండో అంతస్తులో నాలుగు లేన్లు, పక్కన ఎయిర్ హాకీ బల్ల, మూలన పాప్‌కార్న్ మిషను. కింద బట్టల షాపు. 2011లో మొదలుపెట్టినప్పుడు కొన్నవే సెకండ్ హ్యాండ్ మిషన్లు. అంతకుముందే అవి వేరే దేశంలో ఒక జన్మ ఎత్తి వచ్చాయి. ఇక్కడి రెండో జన్మ కూడా చివరికొచ్చింది.

వేసవి సెలవులకు ముందు ఫోన్ చేసి, "మూడు కొటేషన్లు తెప్పించానురా. మూడూ మూడు దారులు. నువ్వు మెకానికల్ చదివావు కదా, వచ్చి చూడు" అన్నాడు. వెళ్ళాను. మొదటి కొటేషన్: స్కోరు చూపించే కంప్యూటర్లు, టీవీలు మార్చండి, కుర్రాళ్ళు ఎగబడతారు. రెండోది: చెక్క లేన్ల మీద సింథటిక్ పలకలు వేయించండి, హాలు మెరిసిపోతుంది. మూడోది: వెనక పిన్నులను నిలబెట్టే మిషన్లన్నీ పీకేసి, పిన్నులను తాళ్ళతో ఎత్తే తాళ్ళ మిషన్లు పెట్టండి, కరెంటు బిల్లూ మెకానిక్ జీతమూ మిగులుతాయి. కంటి డాక్టరు దగ్గరికెళ్తే కళ్ళజోడు రాస్తాడు, పళ్ళ డాక్టరు దగ్గరికెళ్తే పన్ను తీయాలంటాడు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరి సరుకు వాళ్ళు చూపించారు.

"ఏది కొనమంటావు?" అన్నాడు బావ. రెండు రోజులు అక్కడే తిరిగాక నేను ఎదురు ప్రశ్న వేశాను. ఆదివారం రాత్రి ఎనిమిదింటికి మూడో లేను ఆగిపోతే వెనక్కి వెళ్ళి బాగుచేసేది ఎవరు బావా? ఇది తేలితే మిగతావన్నీ దాని వెనక వరసలో నిలబడతాయి. ఈ వ్యాసమంతా ఆ వరస గురించే.

తెర వెనక

ఆడేవాళ్ళకు కనిపించేది లేను, బంతి, పది పిన్నులు. అసలు డబ్బు తినేది పిన్నుల పైన, వెనక, తెర అవతల ఉంటుంది.

కొలతలు ముందు చెప్పుకుంటే పని ఎంత కష్టమో తెలుస్తుంది. ఆటగాడు దాటకూడని ఫౌల్ గీత నుంచి మొదటి పిన్ను దాకా 60 అడుగులు. లేను వెడల్పు 41.5 అంగుళాలు. పిన్ను 15 అంగుళాల ఎత్తు, ఒకటిన్నర కిలో పైచిలుకు బరువు. బంతి గరిష్ఠంగా 16 పౌండ్లు, అంటే ఏడు కిలోల పావు. అంత బంతి వచ్చి తగిలితే పిన్నులు గోళీకాయల్లా చెదిరిపోతాయి. వాటిని ఏరుకొచ్చి, ఒక్కోదానికి మధ్య 12 అంగుళాల ఎడం ఉండేలా త్రికోణంలో మళ్ళీ నిలబెట్టాలి. సాయంత్రమంతా ఇదే పని.

ఒకప్పుడు అమెరికాలో ఈ పనికి కుర్రాళ్ళను పెట్టేవారు. పిన్ బాయ్స్ అనేవారు వాళ్ళని. గాట్‌ఫ్రీడ్ ష్మిట్ అనే ఆయన దీనికి మిషను ఆలోచించాడు. ఏఎంఎఫ్ కంపెనీ ఆ పేటెంటు కొని, 1946లో బఫెలో నగరంలో జనం ముందు పెట్టింది. అమ్మకానికి వచ్చేసరికి 1950లు వచ్చాయి. 1956లో బ్రన్స్‌విక్ అనే ఇంకో కంపెనీ తన మోడల్ దింపింది. ఇప్పటికీ పాత సెంటర్లలో తిరుగుతున్న మిషన్ల ఎముకల గూడు చాలావరకు ఆ కాలం నాటిదే.

వీటిని ఫ్రీ ఫాల్ మిషన్లు అంటారు. పిన్ను దేనికీ కట్టి ఉండదు, ఇష్టమొచ్చినట్టు పడుతుంది. బావ నన్ను వెనక్కి తీసుకెళ్ళి లైటు వేసినప్పుడు మొదట ముక్కుకి తగిలింది వేడెక్కిన రబ్బరు వాసన. బంతీ పిన్నులూ కలిసి గుంటలో పడతాయి. గుంట అడుగున బెల్టు తిరుగుతూ అన్నిటినీ వెనక్కి లాగుతుంది. బంతి పక్క తలుపులోంచి దూరి, రెండు లేన్ల మధ్య కిందుగా ఉన్న పట్టాల మీద ఆటగాడి దగ్గరికి తిరిగి వెళ్ళిపోతుంది. పిన్నులను మాత్రం ఒక పెద్ద చక్రం ఎత్తుకుంటుంది. పైడితల్లి జాతరలో జెయింట్ వీల్ చూశారు కదా, అదే తీరు. ఒక్కో గదిలో ఒక్కో పిన్ను ఎక్కి పైకి పోతుంది. పైన ఒక్కోటి తన సీట్లో పడుతుంది. పది సీట్లూ నిండాక బల్లలాంటిది కిందికి దిగి పిన్నులను నిలబెట్టి లేస్తుంది. పడినవాటిని ఊడ్చేందుకు ముందు ఒక అడ్డకమ్మీ ఉంటుంది. ఒక సెట్టు లేను మీద ఉండగా ఇంకో సెట్టు మిషన్ కడుపులో వరసలో ఉంటుంది. అందుకే ఒక్కో మిషనుకు ఇరవైకి అటూ ఇటూగా పిన్నులు పెడతారు.

చూస్తుంటే ముచ్చటేస్తుంది. ఒక్కటి గాడి తప్పిందంటే మాత్రం మొత్తం ఆగుతుంది. బెల్టు జారితే గుంటలో పిన్నులు పోగుపడతాయి. చక్రంలో ఒకటి అడ్డంగా ఇరుక్కుంటే వెనకున్నవన్నీ నిలిచిపోతాయి. ఒక్కోసారి పిన్ను పడదు, పక్కకి జరిగి నిలబడుతుంది. కిందికి దిగే బల్ల సరిగ్గా దాని నెత్తిన కూర్చుని కదలనంటుంది.

ఇవన్నీ చూసుకునే మనిషి ఒక్కడే. నెల్లిమర్ల జూట్ మిల్లులో మగ్గాలు బాగుచేసి బయటికొచ్చిన ఫిట్టరు. అరవై దాటాయి. మాన్యువల్ ఆయన ఎన్నడూ తెరవలేదు. చప్పుడు విని చెబుతాడు. నేను పక్కన నిలబడి ఉండగా రెండో మిషన్ కేసి చెయ్యి చూపించి, "ఆ టకటక ఇనబడతందా బాబూ? బెల్టు వొదులైపోనాది. రేపు ఆగుద్ది" అన్నాడు. మర్నాడు మధ్యాహ్నం ఆగింది.

శనివారం లెక్క

మిషను పాతబడింది అని అందరూ అంటారు. ఎంత పాతబడిందో కొలవడానికి ఒక పద్ధతి ఉంది. ఈ పనిలో ఉన్న మెకానిక్‌లు ఎన్ని ఫ్రేములకు ఒకసారి ఆగుతోందని లెక్కపెడతారు. ఫ్రేము అంటే పది పిన్నులనూ పడగొట్టడానికి ఆటగాడికి వచ్చే ఒక వంతు. ఒక మనిషి ఒక ఆట ఆడితే పది ఫ్రేములు. ఈ ఒక్క అంకె మీ చేతిలో లేకుండా ఏ కొటేషన్ మీదా సంతకం పెట్టొద్దు.

శనివారం సాయంత్రం 5 నుంచి 9 దాకా నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నాను. నాలుగు లేన్లూ కలిపి పదకొండు సార్లు ఆగాయి. ఆగిన ప్రతిసారీ సగటున ఆరు నిమిషాలు. మొత్తం 66 నిమిషాలు. నాలుగు లేన్లు నాలుగు గంటలంటే పదహారు గంటల ఆట, అందులో పోయింది ఏడు శాతం. ఒక ఆటకు పది నిమిషాలు, 150 రూపాయలు వేసుకుంటే ఆ సాయంత్రం నష్టం వెయ్యి రూపాయలు కూడా లేదు. ఈ వెయ్యి కోసం లక్షలు పోయడమేమిటి, ఇలాగే నడిపించెయ్యొచ్చు కదా అని నాకే అనిపించింది.

ఇప్పుడు ఫ్రేముల లెక్క చూడండి. గంటకు ఆరు ఆటలు, అరవై ఫ్రేములు. పదహారు గంటలకు 960. దాన్ని పదకొండుతో భాగిస్తే 87. నలుగురు స్నేహితులు వచ్చి తలా రెండు ఆటలు ఆడితే ఎన్ని ఫ్రేములు? ఎనభై. అంటే లోపలికొచ్చిన ప్రతి గుంపుకీ దాదాపు ఒకసారి మిషన్ ఆగడం చూపించి మరీ ఇంటికి పంపుతున్నాం. రూపాయల లెక్కలో ఇది ఎక్కడా కనబడదు.

ఆ సాయంత్రం పుట్టినరోజు చేసుకోవడానికి వచ్చిన కుటుంబం ఒకటి ఉంది. తొమ్మిదేళ్ళ పిల్లవాడు అప్పుడే మొదటి స్పేర్ కొట్టాడు, అంటే రెండు బంతుల్లో పది పిన్నులూ పడగొట్టాడు. స్కోరు పడలేదు, అడ్డకమ్మీ కిందికి దిగి అలాగే ఉండిపోయింది. ఫిట్టరు అప్పటికే ఒకటో లేను వెనక ఉన్నాడు. వాళ్ళ నాన్న మూడు నిమిషాలు చూసి, "ఇంక చాల్లే, హోటలుకి టైమవుతోంది" అని లేచాడు. రెండో ఆటకు ముందే డబ్బు కట్టి ఉన్నారు. బావ వెనక్కి ఇచ్చేశాడు. ఆ పిల్లవాడు మెట్లు దిగుతూ కూడా వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

ఒక్క అంకెతో ఊరుకోవద్దు. ఏ లేను ఎన్నిసార్లు, ఏ కారణంతో ఆగిందో కూడా రాయాలి. పదకొండులో ఏడు రెండో లేనూ మూడో లేనువే. ఏడింట్లో అయిదు బెల్టు, చక్రం గొడవలు. అవి ముసలితనం కాదు, సామాన్లు మార్చకపోవడం. బెల్టులు, అరిగిన రోలర్లు, పైపూత పగిలిన పిన్నులు మార్చాక ఆ లేన్లు ఎంతో కొంత తేరుకుంటాయి. పూత చిట్లిన పిన్ను బరువు తప్పుతుంది, చక్రంలో గీసుకుంటుంది, ఇరుక్కుంటుంది. మొత్తం మిషనే పోయిందని తీర్మానించే ముందు ఈ చిన్న ఖర్చు పెట్టి మళ్ళీ లెక్క రాయండి. అప్పటికీ అంకె పెరగకపోతే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

తాళ్ళ పిన్నులు

మూడో కొటేషన్ వాళ్ళు అమ్మజూపింది స్ట్రింగ్ మిషన్లు. ప్రతి పిన్ను నెత్తిలోంచి ఒక సన్నని గట్టి తాడు పైకి వెళ్తుంది. బంతి తగిలాక పైనున్న మోటారు పదింటినీ తోలుబొమ్మల్లా పైకి లాగేస్తుంది. ఏ తాడు కదిలిందో చూసి ఏ పిన్ను పడిందో మిషనే తెలుసుకుంటుంది. పడనివాటిని మాత్రం తిరిగి కిందికి దించుతుంది. చక్రం లేదు, సీట్లు లేవు, వెనక పిన్నుల వరస లేదు. ఒక్క సెట్టు పిన్నులు చాలు. పిన్నుల్ని తోడిపోసే గొడవే లేదు కాబట్టి కదిలే భాగాలు బాగా తగ్గిపోతాయి, కరెంటు తక్కువ తాగుతుంది, చప్పుడూ తక్కువే. కింద బట్టల షాపాయన పదేళ్ళుగా చప్పుడు గురించి బావతో పోట్లాడుతున్నాడు, ఆయనకైతే ఇది పండగ.

మరి ఎందుకు అందరూ ఎప్పుడో మారిపోలేదు? ఆట మారుతుంది కాబట్టి. ఫ్రీ ఫాల్‌లో ఒక పిన్ను గోడకు కొట్టుకుని అడ్డంగా దొర్లుకుంటూ వచ్చి ఆఖరి పిన్నును పడగొట్టే క్షణం ఉంటుంది చూడండి, ఆటగాళ్ళు దాని కోసమే బతుకుతారు. తాడు కట్టిన పిన్ను అంత దూరం తిరగలేదు. ఇంకోపక్క, ఒక పిన్ను తాడు ఇంకోదానికి తగిలి ఊరికే పడిపోవడమూ ఉంటుంది. అమెరికాలో ఈ ఆటకు నిబంధనలు పెట్టే సంస్థ యూఎస్‌బీసీ చాలాకాలం తాళ్ళ ఆటను గుర్తించలేదు. 2023లో గుర్తించింది కానీ ఫ్రీ ఫాల్‌తో కలపకుండా వేరే విభాగంగా పెట్టింది. వాళ్ళ పరీక్షల్లో తాళ్ళ పిన్నుల మీద స్ట్రైకులు, అంటే మొదటి బంతికే పదీ పడటం, సుమారు 7 శాతం తక్కువ పడ్డాయి. కాబట్టి పోటీలకు తయారయ్యే ఆటగాడు తాళ్ళ లేను మీద తెచ్చుకున్న సగటును ఫ్రీ ఫాల్ సగటు పక్కన పెట్టుకోలేడు.

ఇక్కడ నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెప్పేస్తాను. విజయనగరంలో బావ దగ్గరికి వచ్చేవాళ్ళలో సొంత బంతి తెచ్చుకునేవాడు ఒక్కడే ఉన్నాడు. ఆయన ఇప్పటికే నెలకోసారి విశాఖ వెళ్ళి ఆడుతున్నాడు. మిగతావాళ్ళు కాలేజీ పిల్లలు, పుట్టినరోజులు, పండక్కి ఇంటికొచ్చిన సాఫ్ట్‌వేర్ అల్లుళ్ళు. ఏడు శాతం స్ట్రైకులు తగ్గాయని వాళ్ళెవరూ గమనించరు. మిషన్ ఆగితే అందరూ గమనిస్తారు. ఇంత చిన్న ఊళ్ళో, మెకానిక్ ఒక్కడే ఉన్నచోట, తాళ్ళ మిషనే సరైన దారి. ఆ దొర్లుకుంటూ వచ్చే పిన్ను పోతుందని నాకూ బాధగానే ఉంది.

తాళ్ళ మిషన్లు ఆగవని మాత్రం అనుకోవద్దు. తాళ్ళు ఒకదాంతో ఒకటి మెలిపడతాయి. చాలావరకు మిషనే పైకీ కిందికీ కుదిపి చిక్కు విప్పుకుంటుంది, విప్పుకోలేనప్పుడు మనిషి వెళ్ళాలి. తాళ్ళు అరుగుతాయి, సాగుతాయి, తెగుతాయి. అయితే తాడు మార్చడం కౌంటర్ దగ్గర కూర్చునే కుర్రాడికి నేర్పించొచ్చు. ఫ్రీ ఫాల్ చక్రంలో చెయ్యిపెట్టడం నేర్పించకూడదు. అమెరికాలో ఈ మిషన్ల మధ్య ఇరుక్కుని మెకానిక్‌లు చనిపోయిన ఘటనలు ఉన్నాయి. మిషన్ ఆగింది కదా అని స్విచ్ తీయకుండా లోపలికి వంగితే, ఇరుక్కున్న పిన్ను ఊడిరాగానే అది తన పని మొదలుపెడుతుంది. బావ దగ్గర మెయిన్ స్విచ్ బోర్డు ముందువైపు కౌంటర్ దగ్గర ఉంది, మనిషి వెనకవైపు ఉంటాడు. కొత్త మిషన్ కొన్నా కొనకపోయినా, ఒక్కో మిషను పక్కనే తాళం వేసే స్విచ్ పెట్టించమని చెప్పాను. ఆ తాళంచెవి లోపలికెళ్ళే మనిషి జేబులోనే ఉండాలి. దీనికి అయ్యే ఖర్చు ఒక ఎలక్ట్రీషియన్ కూలీ, నాలుగు స్విచ్‌లు.

1,725, 1,440

మూడు కొటేషన్లలోనూ లేనిది ఒకటి వెనక గదిలో దొరికింది. మోటారు నేమ్‌ప్లేటు మీద దుమ్ము తుడిచి చూస్తే 60 హెర్ట్జ్, 1,725 చుట్లు అని ఉంది. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్. మనది 50. ఇలాంటి మోటారు వేగం కరెంటు హెర్ట్జ్‌ను బట్టే ఉంటుంది కాబట్టి, అక్కడ నిమిషానికి 1,725 చుట్లు తిరిగింది ఇక్కడ 1,440 దగ్గర ఆగుతుంది. ఆరో వంతు వేగం పోయిందన్నమాట. బెల్టు నెమ్మది, చక్రం నెమ్మది. పిన్నులు ఎంత వేగంగా వచ్చి పడితే ఎక్కడ కూర్చోవాలని లెక్కేసి కట్టారో ఆ లెక్క మొత్తం కొంచెం కొంచెం తప్పింది. పైగా వోల్టేజి తగ్గించకుండా 60 హెర్ట్జ్ మోటారును 50 మీద నడిపితే లోపలి ఇనుముకు భారమెక్కువై వేడెక్కుతుంది. బావ ఈ మోటార్లను రెండుసార్లు రీవైండింగ్ చేయించాడు. "కరెంటు బాగోక కాలిపోయిందనుకున్నానురా" అన్నాడు.

దీనికి మందు ఖరీదైనదేం కాదు. మన దేశంలో దొరికే అదే హార్స్‌పవర్ మోటారు పెట్టి, పుల్లీ సైజు మార్చి వేగం సరిచేయొచ్చు. లేదా వేగం అదుపు చేసే డ్రైవ్ పెట్టొచ్చు. సెకండ్ హ్యాండ్ మిషన్ కొనేవాళ్ళు ఎవరైనా సరే, ముందు అడగాల్సింది మోటారు నేమ్‌ప్లేటు ఫొటో. రంగు వేసిన ఫొటోలు కాదు.

కరెంటు మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. పొలాల్లో బోరు మోటారుకు సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెట్టని రైతు ఉండడు. ఒక ఫేజు పోతే మోటారు కాలిపోతుందని చిన్నపిల్లాడికీ తెలుసు. లక్షలు పెట్టిన ఈ మిషన్లకు అది లేదు. తాళ్ళ మిషన్లలో మోటారు చిన్నదే కానీ ఎలక్ట్రానిక్ బోర్డులు ఎక్కువ, కాబట్టి స్టెబిలైజరు, సరైన ఎర్తింగు లేకుండా వాటిని ఆన్ చేయొద్దు. ఒక కంట్రోల్ బోర్డు స్పేరుగా ఇక్కడే బీరువాలో ఉండాలి. ఆ బోర్డు కోసం వేరే దేశం నుంచి పార్సెల్ వచ్చేదాకా ఎదురుచూస్తే ఒక సంక్రాంతి సీజను పోతుంది.

ఏటీఎం కార్డు పరీక్ష

రెండో కొటేషన్ లేన్ల గురించి. పాత లేన్లు చెక్కవి. బంతి వచ్చిపడే మొదటి భాగంలోనూ, పిన్నులు నిలబడేచోటా గట్టి మేపుల్ చెక్క, మధ్యలో మెత్తటి పైన్ వాడేవారు. అరిగినప్పుడు పైపొర గీకి, పాలిష్ వేస్తారు. గీకిన ప్రతిసారీ చెక్క పలచబడుతుంది, కాబట్టి ఎన్నిసార్లు గీకొచ్చనేదానికి ఒక హద్దు ఉంటుంది. సింథటిక్ పలకలకు ఈ బాధ లేదు, లేను మీద పూసే నూనె పట్టు కూడా నిలకడగా ఉంటుంది. పాత చెక్క మీదే పరిచి బిగించొచ్చు. వినడానికి బాగుంది.

పాత చెక్క ఎత్తుపల్లాలుగా ఉంటే పైన వేసిన కొత్త పలకా ఎత్తుపల్లాలుగానే ఉంటుంది. గతుకుల రోడ్డు మీద కొత్త తారు పోసినట్టు. నియమం ప్రకారం లేను అడ్డంగా అంగుళంలో వెయ్యింట నలభై వంతులకు మించి, అంటే ఒక మిల్లీమీటరు పైన, వాలుగానీ గుంటగానీ ఉండకూడదు. గుంట సంగతి మీరే చూసుకోవచ్చు. వంకర లేని అల్యూమినియం బద్దను లేను మీద అడ్డంగా పెట్టండి. బద్ద కింద ఏటీఎం కార్డు దూర్చి చూడండి. కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. కార్డు దూరకపోయినా, బిగుతుగా దూరినా పరవాలేదు. రెండు కార్డులు కలిపి పెట్టినా ఇటునుంచి అటు జారిపోతే ఆ చోట లేను పోయినట్టే. మూడో లేను మీద పిన్నులకు పది అడుగుల ముందు రెండు కార్డులూ జారిపోయాయి.

అది ఎప్పటిదో బావకు గుర్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. పైనుంచి ఒక మూల నీళ్ళు కారాయి. చెమ్మ పట్టి లేను చెక్క ఉబ్బింది, తర్వాత ఎండి కుంగింది. తుపాను రాని ఏడాది కూడా మన తీరంలో గాలి చెమ్మగానే ఉంటుంది. జనం లేనప్పుడు ఏసీ కట్టేసి, వచ్చాక వేస్తే చెక్క రోజుకోసారి ఉబ్బి, రోజుకోసారి తగ్గుతుంది. ఆటగాళ్ళు జారుతూ బంతి వదిలే అప్రోచ్ భాగం వానాకాలంలో బంకలా పట్టేస్తుంది. బూటు ఆగిపోతుంది, మనిషి ముందుకు పడతాడు. కొత్త పలకల కంటే ముందు కొనాల్సింది పైకప్పుకు వాటర్‌ప్రూఫింగ్, చెమ్మ తీసే మిషను. ఇవి ఎవరికీ కనబడవు, ఫొటోల్లో పడవు. అందుకే కొటేషన్లలోనూ ఉండవు.

నూనె సంగతి క్లుప్తంగా: లేను ముందు భాగానికి మినరల్ ఆయిల్ పలచగా పూస్తారు, మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ. అది లేకపోతే బంతి రాపిడికి పైపూత కాలిపోతుంది. బావ దగ్గర కుర్రాడు వారానికోసారి గుడ్డతో రాస్తున్నాడు. పాత నూనె తుడవకుండా దాని మీదే కొత్తది. అలా రాస్తే సింథటిక్ లేను వేసినా పాడైపోతుంది.

టీవీలు ఆఖరున

మొదటి కొటేషన్ అందరికీ నచ్చుతుంది. ధర తక్కువ, వెంటనే కనబడుతుంది. రంగురంగుల బొమ్మలు, స్ట్రైక్ పడితే డాన్సు చేసే కోతి. నేను దాన్ని వరసలో చివర పెట్టమన్నాను, ఎందుకంటే స్కోరింగ్ అనేది మిషన్ చెప్పింది వింటుంది. పాత ఫ్రీ ఫాల్ సెటప్‌లో కెమెరా ఉండి, ఏ పిన్నులు నిలబడ్డాయో చూసి కంప్యూటరుకు చెబుతుంది. తాళ్ళ మిషను తానే లెక్క చెబుతుంది. ఇప్పుడు కెమెరా స్కోరింగ్ కొని, రెండేళ్ళకు తాళ్ళ మిషను కొంటే, కెమెరాల డబ్బు నీళ్ళపాలు. ఒక కంపెనీ స్కోరింగ్ ఇంకో కంపెనీ మిషనుతో మాట్లాడుతుందనే హామీ కూడా లేదు. అమ్మేవాళ్ళు "కనెక్ట్ అవుద్ది సార్" అంటే కాగితం మీద రాయించుకోండి.

ధరల కింద చిన్న అక్షరాల్లో ఎక్స్ వర్క్స్ అని ఉంటే, అది ఫ్యాక్టరీ గుమ్మం దగ్గరి ధర. ఓడ కిరాయి, ఇన్సూరెన్సు, కస్టమ్స్, జీఎస్టీ, విశాఖ పోర్టు నుంచి లారీ, రెండో అంతస్తుకు ఎక్కించే క్రేను, బిగించడానికొచ్చే మనిషి టికెట్టు, లాడ్జి, అన్నీ మీవే. బావ మూడో కొటేషన్ చూసి "ఇంతేనా" అని మురిసిపోయింది ఈ మాట చదవక.

అన్నిటికంటే చవకైనవి బంతులు, బూట్లు. వేలు పెట్టే రంధ్రం అంచులు చిట్లిన బంతులు తొమ్మిది దొరికాయి. పిల్లల వేళ్ళకు గీసుకుంటాయి. ఆరు పౌండ్ల బంతులు రెండే ఉన్నాయి, వచ్చేదేమో సగం మంది పిల్లలు. బూట్ల వాసన గురించి నేను రాయను, మా అక్క రెండో రోజే చెప్పేసింది. ఆవిడ చెప్పినదాంట్లో తిట్లు తీసేస్తే మిగిలింది: ఆరబెట్టే అర, స్ప్రే, కొత్త సాక్సుల అమ్మకం.

ఒక జత

చివరికి బావ తీసుకున్న దారి ఇది. బంతి తిరిగొచ్చే పట్టాలు రెండు లేన్లకు కలిపి ఒకటే ఉంటాయి, అందుకే ఏది మార్చినా జతల్లో మార్చడం తేలిక. ఒకటీ రెండూ ఒక జత, మూడూ నాలుగూ ఒక జత. నాలుగూ ఒకేసారి మార్చేంత డబ్బు లేదు, అంత అప్పు చేయడం అక్కకు ఇష్టం లేదు. మూడు, నాలుగు లేన్లకు తాళ్ళ మిషన్లు వస్తాయి. మూడో లేను కుంగిన చోట ముందు లెవెల్ చేయిస్తారు. అక్కడి నుంచి దించిన రెండు పాత మిషన్లను పాత ఇనుప కొట్టుకు అమ్మడం లేదు. ఒకటీ రెండూ లేన్లకు అవే స్పేర్ పార్టుల గోడౌను. రోలర్లు, గేర్లు, స్విచ్‌లు విప్పుకుంటూ ఇంకో మూడు నాలుగేళ్ళు లాగొచ్చు. ఫ్రీ ఫాల్ ఆడాలనుకునే ఆ సొంత బంతి ఆయనకూ రెండు లేన్లు మిగిలాయి. కొత్త టీవీలు, కొత్త జత బిగించాక, మిషన్ కంపెనీ చెప్పిన రకమే.

మెకానిక్ విషయం మాత్రం డబ్బుతో తేలలేదు. ఐటీఐ చదివిన కుర్రాణ్ణి ఒకణ్ణి ఫిట్టరు గారి పక్కన పెట్టారు, ఆయన ఉన్నంతకాలం నేర్చుకోవాలని షరతు. మొదటి నెల ఆయనకు ఆ కుర్రాడి మీద అస్సలు గురి కుదరలేదు. "సెల్లు సూత్తాడు బాబూ, మిషను సూడడు" అన్నాడు నాతో.

నేను తిరిగి బయల్దేరే రోజు తాళ్ళ మిషను శాంపిల్ తాడు ముక్క ఒకటి టేబుల్ మీద ఉంది. ఫిట్టరు దాన్ని తీసుకుని వేళ్ళ మధ్య నలిపి చూశాడు, గట్టిగా లాగాడు, కత్తెరతో మధ్యకు కోశాడు. రెండు కొసలూ కలిపి, నేను కళ్ళు ఆర్పేలోపు జూట్ మిల్లు నేత ముడి వేసి నా చేతిలో పెట్టాడు. ఎంత లాగినా ఊడలేదు. కుర్రాడు సెల్లు జేబులో పెట్టి దగ్గరికొచ్చాడు.

"అయితే తెగితే ముడేసుకోవచ్చన్నమాట" అన్నాడు బావ సంబరంగా.

"ఒద్దు బాబూ. ముడి ఆ పైనున్న కన్నంలో తగులుద్ది, పిన్ను సగంలో యేలాడుద్ది. తెగితే కొత్తదే ఎయ్యాల" అని, ముడి విప్పి రెండు ముక్కలూ కుర్రాడి చేతికిచ్చాడు. "నువ్వెయ్యి సూద్దాం."